సలహా ఉచితం, మరి కూలి ఎవరిస్తున్నారు?

తెలంగాణ ప్రభుత్వం 2021లో ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 61 ఏళ్లకు పెంచింది. దాంతో మూడేళ్లు ఆగిన రిటైర్మెంట్లు 2024 మార్చి 31 నుంచి మళ్లీ మొదలయ్యాయి. హనుమకొండ, వరంగల్ కాలనీల్లో సన్మానపు శాలువా మడత కూడా విప్పని టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు ఎందరో. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, జీపీఎఫ్ సొమ్ము వస్తుందన్న కబురు అందగానే బ్యాంకు నుంచి రిలేషన్‌షిప్ మేనేజర్ ఫోన్ చేస్తాడు. ఎల్‌ఐసీ ఏజెన్సీ ఉన్న పాత స్నేహితుడు ఇంటికొస్తాడు. మ్యూచువల్ ఫండ్లు చూసే బంధువు ఫారాలు పట్టుకొస్తాడు. ముగ్గురూ చెప్పేది ఒకటే: "మాకు మీరు పైసా ఇవ్వక్కర్లేదు సార్."

ఆ మాట నిజమే. వాళ్లకు డబ్బులిచ్చేది కంపెనీ. ఆ డబ్బు మదుపరి సొమ్ములోంచే వెళుతుంది కాబట్టి బిల్లు మాత్రం ఎవరి చేతికీ రాదు.

సలహాదారు స్వతంత్రుడా కాదా అన్నది అతని మంచితనాన్ని బట్టి తేలదు. ఎంతో నిజాయితీపరుడైన ఏజెంటుకైనా పాలసీ అమ్మితేనే ఇల్లు గడుస్తుంది. బ్యాంకు డిపాజిట్లో వేసుకోండనో, ముందు ఇంటి అప్పు తీర్చేయండనో చెబితే అతనికి దక్కేదేమీ లేదు. 2016 నాటి నిబంధనల ప్రకారం దీర్ఘకాలిక ఎండోమెంట్ పాలసీల మొదటి ఏడాది ప్రీమియంలో 35 శాతం దాకా కమీషన్ ఇచ్చే వీలుండేది. 2023 ఏప్రిల్ నుంచి ఆ విడివిడి పరిమితులు కూడా పోయాయి. కంపెనీ మొత్తం ఖర్చుల మీదే ఇప్పుడు హద్దు.

మ్యూచువల్ ఫండ్లలో కమీషన్ ఒక్కసారితో అయిపోదు, పెట్టుబడి ఉన్నన్నాళ్లూ ఏటా వెళుతూనే ఉంటుంది. ఒకే ఫండ్‌లో ఏజెంటు ద్వారా కొనేది రెగ్యులర్ ప్లాన్, నేరుగా కొనేది డైరెక్ట్ ప్లాన్. ఈ రెండోది 2013 జనవరి 1న వచ్చింది. తేడా ఏడాదికి ఒక్క శాతమే అనుకుందాం. 20 లక్షలు 15 ఏళ్లపాటు 10 శాతం చొప్పున పెరిగితే సుమారు 83.5 లక్షలవుతుంది. 9 శాతమైతే 72.8 లక్షల దగ్గర ఆగుతుంది. ఉచిత సలహాకు చెల్లించిన ధర దాదాపు 10 లక్షల 70 వేలు!

ఈ చిక్కు తెలిసే మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2013లో పెట్టుబడి సలహాదారుల నిబంధనలు తెచ్చి, 2020లో మరింత బిగించింది. ఒకే ఖాతాదారుకు సలహా ఇచ్చి ఫీజు, ఫండ్ అమ్మి కమీషన్ రెండూ తీసుకోకూడదు. ఫండ్లు అమ్మే డిస్ట్రిబ్యూటర్, సలహాదారుగా రిజిస్ట్రేషన్ లేకుండా స్వతంత్ర ఆర్థిక సలహాదారుననో, వెల్త్ అడ్వైజర్‌ననో బోర్డు పెట్టుకోకూడదు. సలహా భర్తది, అమ్మకం భార్యది అన్న ఏర్పాటూ చెల్లదు. సలహాదారు కుటుంబ సభ్యులు అదే ఖాతాదారుకు ఫండ్లు అమ్మకూడదని నిబంధన సూటిగా చెబుతోంది. ఏజెన్సీ ఇంట్లో ఇంకొకరి పేరున నడపడం మామూలైన మన ఊళ్లకు ఇది బాగా వర్తిస్తుంది.

బ్రిటన్‌లో 2012 డిసెంబర్ 31 నుంచి కొత్త పెట్టుబడి సలహాల మీద కమీషన్లే నిషేధం. అక్కడ సలహాదారు తాను స్వతంత్రుడో, పరిమిత పరిధిలో సలహా ఇచ్చేవాడో ముందే చెప్పాలి.

ఇక్కడ ఎవరు ఏమిటో తెలుసుకోవడం కష్టం కాదు. సెబీ నమోదు ఉన్న సలహాదారు నంబరు 'ఐఎన్‌ఏ' అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు, పేరు సరిచూసుకోవచ్చు. 'ఏఆర్‌ఎన్' నంబరు ఒక్కటే ఉంటే అతను డిస్ట్రిబ్యూటర్. సలహాదారు రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి, ఫీజు నగదుగా తీసుకోకూడదు, ఇంత లాభం ఖాయమని హామీ ఇవ్వకూడదు. ఇప్పటికే ఫండ్లున్నవారు ఆరు నెలలకోసారి వచ్చే ఏకీకృత స్టేట్‌మెంట్ తీసి చూడాలి. డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లిన కమీషన్ 2016 అక్టోబర్ నుంచి అందులో రూపాయల్లోనే ఉంటోంది.

నంబరు ఉన్నంత మాత్రాన గుడ్డిగా నమ్మకూడదని హైదరాబాద్ కార్వీ ఉదంతం నేర్పింది. సెబీ నమోదున్న పెద్ద బ్రోకింగ్ సంస్థ అది. ఖాతాదారులిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని దుర్వినియోగం చేసి, వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చింది. 2019 నవంబర్ 22న సెబీ కొత్త ఖాతాదారులను చేర్చుకోవద్దని ఆదేశించింది, 2023 ఏప్రిల్‌లో ఏడేళ్లపాటు మార్కెట్ నుంచి నిషేధించింది. అందుకే సలహా చెప్పేవారి చేతికి సొమ్ము మీద పెత్తనం ఇవ్వకూడదు. చెక్కు ఫండ్ పేరునో బ్యాంకు పేరునో రాయాలి, పాస్‌వర్డ్, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు.

ఫీజు తీసుకునే సలహాదారులు దేశంలోనే తక్కువ. ఊళ్లో దొరక్కపోతే ఫోన్ మీద, వీడియో కాల్‌లో మాట్లాడేవారున్నారు. ఏడాదికి నిర్ణీత ఫీజైతే ఒక కుటుంబం నుంచి 1,51,000 రూపాయలకు మించి తీసుకోకూడదు. అది గరిష్ఠ హద్దే, చాలామంది అడిగేది అంతకంటే తక్కువ. సంతకం పెట్టేముందు ఎవరినైనా మూడు సంగతులు కాగితం మీద రాసివ్వమని అడగాలి: ఈ పెట్టుబడి మీద మీకు, మీ ఇంట్లోవాళ్లకు ఎవరి నుంచి ఎంత వస్తుంది? ఇది కాకుండా ఇంకేం పరిశీలించారు? మధ్యలో మానేస్తే నాకెంత నష్టం? రాసివ్వడానికి వెనకాడితే అతన్ని అమ్మకందారుగానే చూసి, డబ్బు కట్టేముందు ఇంకొకరి మాట కూడా వినాలి.