మాండొలిన్ పాడిన రాత్రి

అభిమాన గాయకుడి కచేరీ అనగానే ఈ కాలపు పిల్లలకు గుర్తొచ్చేది రాక్ సంగీతం. మైదానం నిండా జనం, చెవులు చిల్లులు పడే స్పీకర్లు, గిటార్ మెడలో వేసుకుని వేదికంతా కలియతిరిగే గాయకుడు. బృందంతో పేరు తెచ్చుకున్నవాడు ఎప్పుడైనా ఒంటరిగా పాడుతున్నాడంటే అభిమానులు మరీ ఎగబడతారు. పక్కవాద్యాల హోరు లేనప్పుడు అతనిలో అసలు సరుకెంతో తేలిపోతుంది కదా! మన గోదావరి జిల్లాల్లో పుట్టి, కర్ణాటక సంగీతమే వాయించి, అలాంటి వీరాభిమానులను దేశదేశాల్లో సంపాదించుకున్నవాడు ఒకడున్నాడు. పాలకొల్లు బిడ్డ ఉప్పలపు శ్రీనివాస్. లోకానికి మాండొలిన్ శ్రీనివాస్.

గాయకుడితో మొదలుపెట్టి వాద్యకారుడి దగ్గర తేలాడేమిటి అనుకోకండి. ఎందుకు తేలానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మా అడవిపొలం నుంచి చూస్తే తీగ వాద్యాలకు ఈ చుట్టుపక్కల కొదవ లేదు. వీణ ఈమని శంకరశాస్త్రిగారు పుట్టింది దగ్గరలోనే ఉన్న ద్రాక్షారామంలో, 1922లో. ఆయన శిష్యుడు చిట్టిబాబుగారిది కాకినాడ. వీణ మీద కోయిలను కూయించిన మనిషి. వీణంటే సరస్వతి చేతిలోది, దానికి మర్యాద ఉంది. మాండొలిన్ సంగతి అలా కాదు. ఇటలీలో పుట్టిన వాద్యం, సినిమా ఆర్కెస్ట్రాల దారిన మన చెవిలో పడింది. 1975లో వచ్చిన బాపుగారి ‘ముత్యాల ముగ్గు’ చూసినవారికి అందులోని మాండొలిన్ ఇప్పటికీ చెవుల్లో మోగుతుంది. అది వాయించింది సజ్జాద్ హుస్సేన్. అంత బాగున్నా, దాన్ని తీసుకొచ్చి త్యాగరాజ కీర్తనకు పెడతానంటే పెద్దలు ముఖం చిట్లించే రోజులవి.

శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్, మాండొలిన్ వాయించేవారు. ఆరేళ్ళ పిల్లవాడు తండ్రి మాండొలిన్ తీసి మీటడం మొదలుపెడితే ఆయన కొడుక్కి కొత్తది కొనిపెట్టారు. ఆ తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారే కొడుక్కీ గురువయ్యారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్ర విద్వాంసులు. ఆయనకు మాండొలిన్ వాయించడం రాదు! ఆయన పాడేవారు, పిల్లవాడు విన్నది విన్నట్టు తీగల మీద పలికించుకునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, మీటు ఎక్కడ వెయ్యాలో చెప్పేవాళ్ళు లేరు. గొంతులో ఏది వినిపిస్తే అది చేతిలోకి రావాలి, అంతే. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ. 1981లో మద్రాసు డిసెంబరు సీజనులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో వాయించే నాటికి వయసు పన్నెండు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో, శ్రోతలు వదలక ఇచ్చిన సమయం కంటే ఎక్కువసేపు వాయించాల్సి వచ్చింది.

ఆయనకూ నాకూ వయసులో పెద్ద తేడా లేదు. బి.కాం. చదివే రోజుల్లో మా ఇంట్లో ఆయన క్యాసెట్లు అరిగిపోయేవి. యానాం, ఎదుర్లంకల మధ్య వంతెన లేని కాలం. గోదావరి దాటాలంటే రేవులో పడవ కోసం చూడాలి. అలాంటిచోట కూర్చుని, అవతలి గట్టున కోనసీమ దాటితే వచ్చే పాలకొల్లు కుర్రాడు బెర్లిన్‌లో వాయించాడని చదివితే, మనమే వాయించినంత గర్వంగా ఉండేది.

బ్యాంకు ఉద్యోగం కొన్నాళ్ళు మద్రాసులో చేశాను. అక్కడ మా మేనమామ స్థిరపడి ఉండేవారు. డిసెంబరు వచ్చిందంటే సాయంత్రాలు ఆయన ఇంట్లో దొరకరు, సభల్లోనే. పెద్ద పెద్ద గాత్ర విద్వాంసులను విన్న చెవి ఆయనది. శ్రీనివాస్ కచేరీ ఒక్కటీ వినలేదు, వినననేవారు. 1997 డిసెంబరులో రెండు టిక్కెట్లు కొని బలవంతపెట్టాను.

“ఒరేయ్, అది బ్యాండు వాయిద్యంరా. మోహన ఎవడైనా వాయిస్తాడు. తోడి వాయించమను చూద్దాం” అన్నారు.

ఆ మాటలో నిజముంది. వీణకు మెట్లున్నా తీగను పక్కకు లాగి స్వరాన్ని ఊపవచ్చు. మాండొలిన్ మెడ పొట్టిది, సన్నది. మామూలు దానికి నాలుగు జతల తీగలుంటాయి, జతగా ఉన్న తీగలను లాగి గమకం పలికించడం బ్రహ్మప్రళయం. పైగా మీటిన నాదం ఇట్టే ఆరిపోతుంది. అందుకే సినిమాల్లో తీగను గబగబా కొట్టి నాదాన్ని నిలబెడతారు. గమకాలతోనే బతికే తోడి, భైరవి లాంటి రాగాలకు ఇది పనికిరాదని పెద్దలు అనడం ఊరికే కాదు. దీనికి శ్రీనివాస్ కనిపెట్టిన ఉపాయం రెండు రకాలు. జతలు తీసేసి ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నారు. కర్ర పెట్టె బదులు విద్యుత్ మాండొలిన్ పట్టుకున్నారు. దాంతో ఒకసారి మీటిన స్వరం సాగుతూ నిలబడుతుంది, ఆ నిలబడిన వ్యవధిలో ఎడమచేతి వేలు జారుతూ పని చెయ్యవచ్చు. రాక్ గిటారిస్టులు ఏ విద్యుత్తుతో హోరు పుట్టించారో, ఈయన దానితోనే సన్నని జారు పుట్టించారు.

ఆనాటి హాలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు వరసల్లో అంగవస్త్రాలు, పట్టుచీరలు, తొడమీద తాళం వేసే చేతులు. వెనక వరసల్లో జీన్సు ప్యాంట్ల కాలేజీ కుర్రాళ్ళు. మా పక్కన కూర్చున్నవాళ్ళు పీటర్ గేబ్రియల్ గురించి మాట్లాడుకుంటున్నారు. జెనెసిస్ బృందం నుంచి బయటికొచ్చి ఒంటరిగా పాడి పేరు తెచ్చుకున్న ఆంగ్ల రాక్ గాయకుడాయన. ఆయన స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థే 1995లో శ్రీనివాస్, కెనడా గిటారిస్టు మైఖేల్ బ్రూక్ కలిసి చేసిన ‘డ్రీమ్’ అనే ఆల్బమ్‌ను విడుదల చేసింది. ఆ దారిన వచ్చిన అభిమానులన్నమాట. మామయ్య వాళ్ళవంక ఒకసారి, నా వంక ఒకసారి చూశారు.

తమ్ముడు రాజేష్‌తో కలిసి జంటగా వాయించడం అప్పటికే రివాజు. ఆ రోజు మాత్రం తమ్ముడు లేడు. వయొలిన్, మృదంగం, ఘటం మధ్య ఒక్కరే. నుదుట విభూతి, పట్టు జుబ్బా, ఒళ్ళో పిల్లల బొమ్మంత వాద్యం. మొహంలో చిరునవ్వు తప్ప ఎక్కడా ఆర్భాటం లేదు. మొదటి అరగంట వేగంగా సాగింది. స్వరకల్పనలు మెరుపుల్లా వస్తుంటే వెనక కుర్రాళ్ళు ఈలలు వేసినంత పని చేశారు. నిజం చెప్పాలంటే, నేను వాళ్ళతోపాటే చప్పట్లు కొట్టాను. మామయ్య చేతులు కట్టుకుని కూర్చున్నారు.

తర్వాత భైరవి ఎత్తుకున్నారు. మామయ్య అడిగిన తోడి కాదు గానీ, దానికి తీసిపోయే రాగమూ కాదు. ఒక స్వరం మీటి ఆగారు. అది సాగుతోంది, సాగుతూ ఊగుతోంది, ఊగి కింది స్వరం మీదికి మెల్లగా వాలింది. మధ్యలో మెట్టు ఉన్నట్టే తెలియలేదు. ఊపిరి తీసుకున్నట్టు ఒక విరామం, మళ్ళీ మరో పలుకు. గాత్రంలో అయితే ఎక్కడ ఆగుతారో అక్కడే ఆగుతున్నారు. సుబ్బరాజుగారి పాఠం నాకు అప్పుడు అర్థమైంది. వాయించడం తెలియని గురువు దగ్గర నేర్చుకున్నవాడు కాబట్టే ఆయన వాయించలేదు, పాడారు. హాల్లో ఈల లేదు, దగ్గు లేదు. మామయ్య కట్టుకున్న చేతులు ఎప్పుడు విడిపోయాయో, తాళం ఎప్పుడు మొదలైందో నేను చూడలేదు. కృతి నడుస్తుండగా చూస్తే వేస్తున్నారు.

కచేరీ అయ్యాక క్యాంటీనులో కాఫీ తాగుతూ కూడా పెదవి విప్పలేదు.

“ఏంటి మావయ్యా, మాట్లాడరేంటి?” అన్నాను.

“పాడేవాడి గురించి ఏం మాట్లాడతాంరా! వాడు కీర్తన ఎత్తుకుంటే మాటలు వినిపించాయి నాకు” అన్నారు. బస్సు దిగేవరకు మళ్ళీ మాట లేదు.

మరుసటి నెలలోనే, 1998 జనవరిలో, శ్రీనివాస్‌కు పద్మశ్రీ వచ్చింది. కొద్ది కాలానికి జాన్ మెక్‌లాగ్లిన్, జాకిర్ హుస్సేన్ కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందం నడిపినప్పుడు అందులో చేరారు. జాజ్, రాక్ కలిపి 1970లలో మహావిష్ణు ఆర్కెస్ట్రా నడిపిన గిటారిస్టు ఆ మెక్‌లాగ్లిన్. ఆ బృందం రికార్డులూ నా దగ్గరున్నాయి. బాగుంటాయి. కానీ నలుగురితో పోటీపడి పరుగెత్తే శ్రీనివాస్ కంటే ఆ రాత్రి ఒంటరిగా నడిచిన శ్రీనివాసే నాకిష్టం. ఇందులో నాతో ఏకీభవించని అభిమానులు చాలామంది ఉన్నారు, వాళ్ళ ఇష్టం వాళ్ళది.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో కన్నుమూశారు. కాలేయ మార్పిడి చేసినా దక్కలేదు. నలభై అయిదేళ్ళు. గాయకులకు, విద్వాంసులకు విద్య పండే వయసది. ఆ వార్త టీవీలో చూసి మామయ్య చెన్నై నుంచి ఫోన్ చేశారు. “తోడి వినకుండానే పోయాడురా” అన్నారు. ఆ తర్వాతి ఆదివారం నేను ఒక తోడి రికార్డు వెతికి పంపించాను.

మన పిల్లలకు ఆయన్ని వినిపించాలనుకునేవారికి ఒక మాట. వేగంగా సాగే స్వరకల్పనలతో మొదలుపెట్టకండి. పిల్లలు అబ్బురపడి చూస్తారు, అంతటితో మరిచిపోతారు. ముందు భైరవి ఆలాపన ఒక పది నిమిషాలు పెట్టండి, అది ఏ వాద్యమో చెప్పకండి. ఎవరు పాడుతున్నారని అడుగుతారేమో చూడండి.