కాశ్మీరు దారిలో పూదోటలు

ఇంటినే చక్రాలపై ఎక్కించుకొని ఊరూరా తిరిగే అలవాటు పాశ్చాత్య దేశాలలో బాగా వ్యాపించినది. వంటగది, పడక, స్నానపు గది అన్నియు ఆ వాహనములోనే ఉంటాయి. వసంతము రాగానే ఎన్నో కుటుంబాలు అటువంటి బండ్లలో బయలుదేరి, పూలతోట కనబడిన చోటల్లా మజిలీ చేస్తూ పోతాయి. ఆంగ్లేయులు ఆ బండిని కారవాన్ అంటారు. అది పారశీక భాషలోని ‘కార్వాన్’ నుండి వచ్చిన మాట. హైదరాబాదులోని కార్వాన్ పేట పేరులో మనము నిత్యమూ వినేదే. మాటయే కాదు, ఆ పని కూడా మన దేశానికి కొత్త కాదు. మొగలు చక్రవర్తుల కాశ్మీరు యాత్రలే అందుకు సాక్ష్యము.

ఒక్క రాజ శిబిరమును మోయుటకు 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది బోయీలు కావలెనని అబుల్ ఫజల్ ‘ఆయినె అక్బరీ’లో లెక్క వ్రాసినాడు. డేరాలు వేయుటకు 1,000 మంది ఫర్రాషులు ఉండేవారు. శిబిర సామగ్రి రెండు జతలు. పాదుషా ఒక జతలో విశ్రమించి ఉండగానే రెండవది ముందటి మజిలీకి పోయి సిద్ధమయ్యేది. దీనినే పేష్‌ఖానా అన్నారు. 1664 డిసెంబరులో ఔరంగజేబు వెంట ఢిల్లీ నుండి బయలుదేరిన ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ పాదుషా కూర్చొనే ‘తఖ్తె రవాన్’ను వర్ణించినాడు. అది బంగారు పూత స్తంభాలతో, అద్దాల కిటికీలతో ఉన్న చిన్న గది. ఎనిమిది మంది మోసేవారు. భుజము మార్చుటకు మరి ఎనిమిది మంది వెంట నడిచేవారు. చక్రాలు లేవన్న మాటే గాని నేటి బండికి ఇది ఏమి తీసిపోయినది?

అయితే ఈ వేడుకను మాత్రమే చెప్పి ఊరుకొనుట న్యాయము కాదు. ఆ యాత్రలోనే పీర్ పంజాల్ ఎక్కుడులో ముందరి ఏనుగు బెదరి వెనుకకు తగ్గగా, దాని వెనుకనున్నవి వరుసగా లోయలో పడిపోయినవి. పదిహేను ఏనుగులు నశించినవి. వాటిపై నున్న స్త్రీలలో కొందరు మరణించినారు.

ఈ పీర్ పంజాలే వసంత యాత్రికునికి అసలు చిక్కు. కాశ్మీరుకు అది దగ్గరి దారి. కాని పూలు పూచే వేళకు కనుమ ఇంకా మంచుతో మూసుకొనియే ఉంటుంది. మంచు కరిగే దాకా ఆగితే పూలు రాలిపోతాయి. అందుచేత 1620లో జహంగీరు హసన్ అబ్దాల్, పఖ్లీ, బారాముల్లాల మీదుగా చుట్టుదారి పట్టినాడు. వసంతము చూడగోరువానికి ఇదొక్కటే మార్గమని తన స్వీయచరిత్రలో ఆయనే వ్రాసుకొన్నాడు. హసన్ అబ్దాల్ చెంత, నేడు పాకిస్తానులో, ఊట నీటి పక్కనే వాహ్ తోట కలదు. మనకు ఉగాది వచ్చే రోజులలో, నౌరోజు వేళకు, పరివారము కాశ్మీరు సమీపించినది.

అక్కడి మట్టి కప్పుల ఇండ్ల మీద లాలా దుంపలు నాటుతారనియు, ప్రతి వసంతమున ఇంటి కప్పులే పూస్తాయనియు చక్రవర్తి ఆశ్చర్యముతో వ్రాసినాడు. చిత్రకారుడైన ఉస్తాద్ మన్సూర్ చేత నూరుకు మించిన పూల చిత్రాలు వ్రాయించినాడు. రాజ్యపాలనలో జహంగీరును ఎట్లు అంచనా వేసినను, పువ్వును, పక్షిని పరిశీలించుటలో ఆయన దృష్టి శాస్త్రజ్ఞుని దృష్టి అని మా అభిప్రాయము.

తోటల నిర్మాణములోని కిటుకు విద్యార్థులు గ్రహింపదగినది. శ్రీనగరములో దాల్ సరస్సు ఒడ్డున ఉన్న షాలిమారు 1619 ప్రాంతమున మొదలైనది. నూర్జహాను సోదరుడు ఆసఫ్ ఖాను కట్టించిన నిషాత్ బాగ్ పన్నెండు రాశులకు పన్నెండు మెట్లుగా సరస్సు వైపు దిగుతుంది. నీటిని తోడే యంత్రము ఎక్కడా లేదు. కొండవాగును ఎత్తున కాలువలోనికి మళ్ళించి, మెట్టు మెట్టుకూ దూకించి, ఆ పల్లపు ఒత్తిడితోనే చిమ్మనగ్రోవులను ఎగజిమ్మించినారు. జలపాతము వెనుక గోడలో గూళ్ళు ఉంటాయి. పగలు వాటిలో పూలు, రాత్రి దీపాలు పెట్టేవారు. నీటి తెర వెనుక అవి మిలమిలలాడేవి.

ఆ వాగులకు, ఊటలకు నీరు కొండలపై మంచు నుండియే రావలెను. అనగా జహంగీరుకు దారి మూసిన మంచే ఆయన తోటలకు ప్రాణము పోసినది.

నేటి యాత్రికునికి చుట్టుదారి అక్కరలేదు. 2017లో చెనానీ–నాష్రీ, 2021లో బనిహాల్–ఖాజీగుండ్ సొరంగాలు తెరచిన తరువాత జమ్మూ నుండి వాహనాలు కొండల కడుపులో నుండియే పోతున్నవి. మార్చి చివర వెళ్ళినవారికి 2007లో ప్రారంభమైన టులిప్ తోట స్వాగతమిస్తుంది. ఆ పూత నెల రోజుల ముచ్చట. దానిని చూచి తిరిగివచ్చేవారే ఎక్కువ. మేమైతే దక్షిణముననున్న వేరినాగ్, అచ్ఛబల్ తోటలను వదలవద్దని చెప్పుతాము. వేరినాగులో జీలం నదికి మూలమైన ఊట చుట్టూ జహంగీరు కట్టించిన ఎనిమిది పలకల కొలను కలదు. అచ్ఛబల్ తోటకు ఆధారము ఒక పెద్ద ఊట. శీతకాలమున వాన, మంచు బాగా తగ్గుటచే 2025 ఫిబ్రవరిలో ఆ ఊట ఎండిపోయి, తోట కాలువలలో రాళ్ళు బయటపడినవి. చుట్టుపక్కల పల్లెలకు త్రాగునీటికి ఇబ్బంది కలిగినది.