పాత విదేశీ వేట రైఫిలు కొనదగునా?

మన దేశమునందు పాత వేట రైఫిలు చేతులు మారునప్పుడు కొనువాని చూపు మొట్టమొదట పోవునది దానిపై చెక్కియున్న పేరుమీదికి. బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఏ. వారిదనియో, లండనులోని రిగ్బీ వారిదనియో, జర్మనీ మౌజర్ అనియో, చెకొస్లొవేకియా బ్రనో అనియో వినినంతనే వెల పెరుగును. 1980ల నడిమి కాలము నుండి వ్యక్తులు విదేశీ తుపాకులు తెప్పించుకొనుటకు ప్రభుత్వము దారి మూసివేయుటచే, అంతకుముందు దేశము చేరినవే నేటికిని ఒక లైసెన్సుదారు నుండి మరియొకరికి పోవుచున్నవి. కొరత పెరిగినకొలది వస్తువును విడిచి పేరుకు ధర కట్టు అలవాటు బలపడినది. ఈ అలవాటు సరియైనది కాదు. వెల నిర్ణయింపవలసినది తుపాకి గొట్టము లోపలి స్థితి, బోల్టు బిగింపు, దానికి దొరకు తూటా.

తూటా మాట ముందుగా చెప్పుటకు కారణము కలదు. బ్రిటిషు ప్రభుత్వము సైన్యము వాడు 303 బోరును ప్రజల చేతికి పోనీయలేదు. అందుచే ఇంగ్లీషు కంపెనీలు ఆస్ట్రియా సైన్యపు మాన్లికర్ తూటాను 315 బోరు పేరిట గ్రహించి, తమ లీ పద్ధతి రైఫిళ్లను దానికి అనువుగా చేసి ఇక్కడికి పంపినవి. 303 నేటికిని నిషిద్ధమే. 315 తూటా మన ప్రభుత్వ ఆయుధ కర్మాగారములలోనే తయారగుచున్నది. ఇక 275 రిగ్బీ కీర్తి వేరు. 1907లో చంపావత్ నరభక్షక వ్యాఘ్రిని సంహరించినందుకు జిమ్ కార్బెట్‌కు సంయుక్త పరగణాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ బహూకరించినది ఆ బోరు రైఫిలే. దాని తూటా మౌజర్ వారి 7 మిల్లీమీటర్ల తూటాయే యైనను, ఇచ్చట దొరకుట దుర్లభము. తూటా దొరకని రైఫిలు ఎంత ఘనమైనదైనను గోడ అలంకారమే యగును గనుక, కాల్చుటకు కొనువానికి రిగ్బీ కంటె సాధారణమైన బి.ఎస్.ఏ. 315 మేలని నా అభిప్రాయము.

ఇక పరీక్ష. తుపాకి ఖాళీగా నున్నదని స్వయముగా చూచుకొని, బోల్టును పూర్తిగా వెలుపలికి తీసి, గొట్టపు మూతిని తెల్లని వెలుతురు వైపునకు త్రిప్పి, వెనుకనుండి లోపలికి చూడవలెను. గుండును గిరగిర త్రిప్పి పంపు మెలికల గాడులు ఈ కొననుండి ఆ కొనవరకు పదునైన అంచులతో, అద్దమువలె మెరయుచు కనబడినచో అది సంతోషకరమైన సంగతి. నడుమ ఎక్కడనైన నల్లని ఉంగరము వంటి నీడ కనబడెనా, లోపల ఏదో అడ్డుపడియుండగా పేల్చుటచే గొట్టము ఉబ్బినదని గ్రహింపవలెను. దానిని ఏ ధరకును కొనరాదు. గాడుల నిండ మసూచి మచ్చల వంటి గుంటలున్నచో, అది తుప్పు తిని వదలిన శేషము.

ఈ తుప్పునకు మూలము మన అశ్రద్ధ మాత్రమే కాదు. పాత తూటాల అడుగునందలి టోపీమందులో పొటాషియం క్లోరేటు ఉండెడిది. పేలినపిమ్మట అది క్లోరైడుగా మారి, ఉప్పువలె గొట్టమునకు అంటుకొని గాలిలోని తేమను పీల్చును. ఆ ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరగును. అందుచే నాటి అనుభవజ్ఞులు కాల్చిన దినముననే మరిగిన నీరు గొట్టములో పోసి, తుడిచి, ఆరనిచ్చి, పిదప నూనె రాసెడివారు. నూనెతో సరిపుచ్చిన యింటి రైఫిలు, ముఖ్యముగా కోస్తా జిల్లాల తేమగాలిలో, పైకి నిగనిగలాడుచునే లోలోన చెడిపోయియుండును. మూతి దగ్గర అరుగుదల మరియొక దోషము: శుభ్రపరచు ఇనుపకడ్డీని ఏండ్లతరబడి ముందునుండి దూర్చినవారి తుపాకులలో చివరి గాడులు ఒకవైపు అరిగిపోయి, గుండు గురి తప్పును.

బోల్టు విషయమున రెండు పద్ధతులను వేరుగా చూడవలెను. 1898 నాటి మౌజర్ నమూనాలో బోల్టును బంధించు గట్టి కొమ్ములు రెండు ముందుభాగమున, తూటాకు చేరువనే యుండును. అవి విరిగినను రక్షించుటకు మూడవది వెనుక కలదు. లీ పద్ధతిలో కొమ్ములు వెనుకనే యుండుటచే, పేలిన క్షణమున బోల్టు కొంచెము నొక్కుకొని కుదియును; దానిచే ఇత్తడి తొడుగు సాగును. అందుచే విక్రేత యొద్ద ఆ రైఫిలులో కాల్చిన ఖాళీ తొడుగు నడిగి పుచ్చుకొని, దాని అడుగునకు కొంచెము పైభాగమున మెరయుచున్న సన్నని గీత చుట్టుకొనియున్నదేమో చూడవలెను. ఉన్నచో తొడుగు అక్కడ తెగుటకు సిద్ధమగుచున్నదనియు, బోల్టునకును చాంబరునకును నడుమ ఎడము హద్దు మీరినదనియు అర్థము. బోల్టుమీది సంఖ్య, తుపాకి దేహముమీది సంఖ్య వేరువేరుగా నున్నచో, ఆ బోల్టు పరాయి తుపాకిది కావచ్చును. కొలత సాధనములతో ఆయుధ నిపుణుడు పరీక్షించువరకు పేల్చరాదు.

క్రొత్తగా నల్లరంగు పట్టించిన రైఫిలును చూచి మురియకుడు. చెక్కిన అక్షరములు అరిగి మసకబారియుండుట, కోణములు గుండ్రపడుట, మరమేకుల తలలు చెదరియుండుట అన్నియు తుప్పు రుద్ది కప్పిపెట్టిన ఆనవాళ్లు. ఇంగ్లీషు తుపాకులపై కిరీటముతో కూడిన ముద్రలుండును. బర్మింగ్‌హామ్ పరీక్షాగృహము 1813లో ఏర్పడినది, లండను వారిది అంతకంటె ప్రాచీనము. ఆ ముద్రలు కేవలము అలంకారములు కావు. అధిక పీడనపు తూటాతో పరీక్షించి సహించినదని ధ్రువపరచిన గురుతులు. వాల్‌నట్ కర్రదస్తాలో మణికట్టు వంటి సన్నని భాగమున పగులున్నచో ప్రతి దెబ్బకు అది పెరుగును.

చట్టము సంగతి సంక్షేపముగా చెప్పెదను. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనిదే కొనరాదు, అమ్మరాదు. 2019 సవరణ పిమ్మట సామాన్యముగా ఒక వ్యక్తికి రెండు తుపాకులకే అనుమతి. లైసెన్సునందలి బోరు, సంఖ్య రైఫిలుతో అక్షరాలా సరిపోలవలెను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది గనుక, అధికారుల అనుమతి గలిగిన ప్రత్యేక సందర్భములలో తప్ప ఈ రైఫిలు గురికాల్పు మైదానమునకే పరిమితము.

అచ్చటనే తుది పరీక్ష కూడ జరుగవలెను. నిపుణుడు లోపల చూచి ఆమోదించిన పిమ్మట, అనుమతి గల మైదానములో స్థిరమైన ఆధారముపై నుంచి, ఒకే రకపు తూటాలతో వరుసగా ఐదు కాల్చి, రంధ్రములు ఒకచో కూడుచున్నవో చెదరుచున్నవో చూడుడు. ఈ పరీక్షకు విక్రేత సమ్మతింపనిచో, దానిపై ఎంతటి ఘనమైన పేరు చెక్కియున్నను, బయానా ఇయ్యక మరలి రండు.