ఒక విశ్వాసము, రెండు పరిభాషలు: ఉత్తర తెలంగాణ క్రైస్తవుల శాఖాభేదములు

“మీరు క్రిస్టియన్సా, ఆర్సియమ్మా?” అను ప్రశ్న తెలుగునాట క్రైస్తవ కుటుంబముల నడుమ, విశేషించి పెండ్లి సంబంధములు మాటాడుకొనునపుడు, వినబడుచుండును. తర్కదృష్టితో చూచినచో ఈ ప్రశ్న పొసగదు. రోమను కథోలికుడును క్రైస్తవుడే కదా. అయినను అడుగువానికిగాని, బదులు చెప్పువానికిగాని దీని భావమునందు సందేహము కలుగదు. ఉభయులకు చెందవలసిన పేరు ఇందు ఒక శాఖకే పరిమితమైనది. రెండవ శాఖకు రోమన్ కాథలిక్ మిషన్ అను మాటల తొలి అక్షరములే పేరైనవి. ఇది కేవలము మాటల వింత కాదు. సమాధానమును బట్టి సంబంధము కుదురుటయు, తప్పిపోవుటయు కలదు. ఈ భేదమున సిద్ధాంతము పాలెంత, చరిత్ర పాలెంత, భాష పాలెంత అను విషయమును బెల్లంపల్లి ప్రాంతమును ఆధారముగ గొని వివరించుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

బెల్లంపల్లిని ఎన్నుకొనుటకు కారణము కలదు. సింగరేణి బొగ్గు త్రవ్వకము 1889లో ఇల్లందు వద్ద ప్రారంభమై, 1920ల చివరి సంవత్సరములలో బెల్లంపల్లి ప్రాంతమునకు వ్యాపించినది. అంతవరకు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలో అడవి నడుమనున్న ఈ పల్లె, బొగ్గుబాయిలలో పనికై నలుదిక్కులనుండి వచ్చినవారితో పట్టణమైనది. (2016 నుండి ఇది మంచిర్యాల జిల్లాలో చేరినది.) వ్యవసాయ గ్రామమున సాధారణముగ ఒక మిషను సంఘమే ఉండును, అచ్చటి క్రైస్తవునకు రెండవ శాఖ వినికిడి మాత్రమే. గనుల పట్టణమున అట్లు కాదు. కరీంనగరు, వరంగల్లు, ఖమ్మము జిల్లాలనుండియు, కోస్తానుండియు వచ్చిన భిన్నసంఘముల కుటుంబములు ఒకే వరుస క్వార్టర్లలో కాపురముండవలసి వచ్చినది. ఎల్లలు గీచికొని దూరదూరముగ పెరిగిన శాఖలు ఇచ్చట గోడకు గోడ ఆనించి నిలిచినవి.

మిషనుల ఎల్లలు

ఆ ఎల్లలు గీచినవారు తెలుగువారు కారు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున నైజాము రాజ్యమునకు వచ్చిన ప్రొటెస్టంటు మిషనులు ఒకరి పొలమున నొకరు విత్తనము చల్లకుండుటకై ప్రాంతములను పంచుకొన్నవి. మెదకు, కరీంనగరు, నిజామాబాదు ప్రాంతములు ఇంగ్లండునకు చెందిన వెస్లియనుల వంతునకు వచ్చినవి. 1879లో హనుమకొండలో కేంద్రము నెలకొల్పిన అమెరికను బాప్టిస్టులు వరంగల్లు, నల్లగొండ వైపు వ్యాపించిరి. ఆంగ్లికనులకు దోర్నకల్లు కేంద్రమైనది. 1912లో వి. ఎస్. అజరయ్య దానికి బిషప్పుగ, భారతీయులలో ప్రథమ ఆంగ్లికను బిషప్పుగ అభిషిక్తుడయ్యెను. ఒక గ్రామస్థుడు వెస్లియను అగుటకుగాని, బాప్టిస్టు అగుటకుగాని అతని వివేచన కారణము కాదు. అతని ఊరు ఏ మిషను వంతున పడినదన్నదే కారణము.

ఈ పంపకమున కథోలికులు భాగస్వాములు కారు. వారి వ్యవస్థ వేరు. 1952లో వరంగల్లు మేత్రాసనము ఏర్పడగా కరీంనగరు జిల్లా దానియందు చేరినది. అచ్చటి పూజావిధి లాటిను సంప్రదాయమునకు చెందినది. గోదావరికి ఉత్తరమున నున్న ఆదిలాబాదు జిల్లా 1999 వరకు చాందా మేత్రాసనమున ఉండి, ఆ సంవత్సరమున మంచిర్యాల కేంద్రముగ ప్రత్యేక మేత్రాసనమైనది. ఈ రెండును కేరళమునుండి వచ్చిన సిరో-మలబారు సంప్రదాయమునకు చెందినవి. కావున గోదావరి దాటి బెల్లంపల్లి గనికి వచ్చిన కరీంనగరు కథోలికుడు తన శాఖను వీడకయే వేరొక పూజాసంప్రదాయమున ప్రవేశించును. శాఖ యన్నది లోపలనుండి చూచినపుడు బయటివారు తలచునంత ఏకరూపము కాదనుటకు ఇది మొదటి నిదర్శనము.

ప్రొటెస్టంటుల విషయమునను ఇంతే. శిశువులకు బాప్తిస్మమిచ్చుటలో దక్షిణ ఇండియా సంఘమువారు కథోలికుల పక్షముననే ఉన్నారు. బాప్టిస్టులును, పెంతెకొస్తువారును దానిని అంగీకరింపరు. గుంటూరు ప్రాంతపు లూథరనులు దశాజ్ఞలను లెక్కించు క్రమము కథోలికుల క్రమమే కాని తక్కిన ప్రొటెస్టంటులది కాదు. బిషప్పుల వ్యవస్థ కొందరికి కలదు, కొందరికి లేదు. కాగా “ఇటు ప్రొటెస్టంటులు, అటు కథోలికులు” అను ఒక్క గీత సిద్ధాంతమున ఎచ్చటను తిన్నగ సాగదు. సమాజమున మాత్రము అది తిన్నగ సాగుచున్నది. ఏల?

కులము, వియ్యము

ఇందుకు మొదటి సమాధానము కులము. ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టులలో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరనులలో మాలలు అధికసంఖ్యాకులగుటయు, ఫిరంగిపురము వంటి చోట్ల కథోలికులలో రెడ్లు, కమ్మలు కూడ ఉండుటయు సుప్రసిద్ధములు. ఒకే ఊర ఒక వాడ ఒక మిషనున చేరినచో రెండవ వాడ మరొక మిషనును కోరుట అసహజము కాదు. వెలుపలివారు గీచిన ఎల్ల, లోపలివారి పాత ఎల్లపై పడి స్థిరపడినది. 1968లో పి. వై. లూక్, జాన్ బి. కార్మన్ అనువారు మెదకు ప్రాంతపు గ్రామక్రైస్తవులపై ప్రకటించిన పరిశోధన ఈ విషయమున మార్గదర్శకము. సంఘజీవనమును కులము, బంధుత్వము, గ్రామాచారము ఎంతగ తీర్చిదిద్దుచున్నవో అందు వివరింపబడినది.

1919లో తరంగంబాడిలో సమావేశమైన అజరయ్య ప్రభృతులు, తమ సంఘములలోని చీలికలు తాము కల్పించుకొన్నవి కావనియు, వెలుపలినుండి వచ్చిపడినవనియు ప్రకటించిరి. ఆ ప్రయత్నమే 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘముగ ఫలించినది. వెస్లియనులు, ఆంగ్లికనులు అందు ఒకటైరి. బాప్టిస్టులు, లూథరనులు చేరలేదు. కథోలికుల ప్రసక్తియే లేదు. తరంగంబాడి ప్రకటన సత్యమే, కాని అర్ధసత్యమని మా అభిప్రాయము. చీలిక వెలుపలినుండి వచ్చినది నిజము. అది ఇచ్చట వేరు పాతుకొనుటకు నేల ఇచ్చటిదే.

వివాహమున ఈ భేదము పదును దేరును. మేనరికము తెలుగువారి వియ్యములకు పాత పునాది. మేనత్త, మేనమామ బిడ్డల వివాహమునకు కథోలిక ధర్మశాస్త్రము ప్రకారము ప్రత్యేకానుమతి కావలెను. ఆంగ్లికనుల నిషేధపట్టికలో అట్టి నిషేధము లేదు. ఇతర శాఖవారిని పెండ్లాడునపుడు సంతానమును కథోలికులుగ పెంతుమని ఉభయులును మాట యీయవలెనన్న పూర్వనియమమును ఆరవ పౌలు పోపు 1970లో సడలించి, ఆ మాట కథోలిక పక్షము ఒక్కటియే యిచ్చిన చాలునని శాసించెను. ప్రొటెస్టంటు తల్లిదండ్రుల మనస్సున పాత నియమము కలిగించిన భయము మాత్రము నియమముతోపాటు తొలగిపోలేదు.

మాటల గోడ

రెండవ సమాధానము భాష. తెలుగు శాఖవారమగు మనకు విశేషముగ సంబంధించినది ఇదియే. ఉభయ శాఖల మాటలను పోల్చి చూచినచో మూడు తరగతులు కనబడును.

మొదటి తరగతి: మాట వేరు, అర్థము ఒకటి. కథోలికులు జ్ఞానస్నానమందురు, ప్రొటెస్టంటులు బాప్తిస్మమందురు. వారికి పవిత్రాత్మ, వీరికి పరిశుద్ధాత్మ. వారిది పవిత్రగ్రంథము, వీరిది పరిశుద్ధగ్రంథము. (ఈ కడపటి జంటలో గ్రంథముల సంఖ్య వేరు: కథోలికులకు 73, ప్రొటెస్టంటులకు 66. పేరులోని భేదమునకు మాత్రము ఆ సంఖ్యతో సంబంధము లేదు.) కర్ణాటక మిషనుకు చెందిన జెసూటులు సన్న్యాసి వేషముతో, సంస్కృత పదజాలముతో బోధించిన సంప్రదాయము ఒకటి, మూలభాషా పదములను అట్లే నిలుపుకొన్న ప్రొటెస్టంటు అనువాదకుల సంప్రదాయము మరియొకటి. ఇది అనువాదరీతిలోని భేదమే కాని విశ్వాసభేదము కాదనుటకు తమిళము సాక్ష్యము. అచ్చట జ్ఞానస్నానమను మాటను ప్రొటెస్టంటులును వాడుదురు. పాదిరి అను మాట చరిత్ర ఇంకను వింతయైనది. పోర్చుగీసు కథోలికులతో ఈ దేశమునకు వచ్చిన ఈ మాటను తెలుగువారు ప్రొటెస్టంటు బోధకునకు నిస్సంకోచముగ అన్వయించిరి.

రెండవ తరగతి: మాట ఒకటి, అర్థములు వేరు. దీనికి ఉత్తమోదాహరణము మొక్కు. ఉత్తర తెలంగాణమున పోచమ్మకు మొక్కుదురు. పెద్దల కాళ్లకు మొక్కుదురు. ఆపద గడచుటకై మొక్కుకొందురు. వెనుకటి దినములలో దొరకును మొక్కెడివారు. దేవతారాధన, గౌరవవందనము, వ్రతసంకల్పము, లొంగుబాటు అను నాలుగర్థములు ఈ ఒక్క మాటలో ఇమిడియున్నవి. దేవునికి మాత్రమే చెల్లు ఆరాధన వేరనియు, పునీతులకును వారి చిత్రములకును చెల్లు వందనము వేరనియు 787లో రెండవ నైసియా మహాసభ నిర్ణయించినది. ఆ భేదమునకు గ్రీకున రెండు మాటలు కలవు. గని కార్మికుని తెలుగున మొక్కు ఒక్కటే. “మీరు మరియమ్మకు మొక్కుతరా?” అని ప్రొటెస్టంటు అడుగును. “మొక్కుతం” అని కథోలికుడు చెప్పును. అడిగినవాడు ఆరాధనను ఉద్దేశించెను; చెప్పినవాడు వందనమును ఉద్దేశించెను. ఇరువురును సత్యమే పలికిరి. ఇరువురును ఒకరినొకరు అపార్థము చేసికొనిరి. ప్రొటెస్టంటు సందేహమును తేలికగ తీసివేయరాదు. గ్రామదేవత విగ్రహమును విడిచి వచ్చిన కుటుంబమునకు విగ్రహము కేవలము చిత్రము కాదు, తాము దాటి వచ్చిన వాకిలి. కథోలికునకో, ఆ తల్లి రూపము తన పూర్వులు కష్టకాలమున ఆశ్రయించిన ఊరట. ఈ రెండును గుర్తింపక చేయు వాదము గాయమునే మిగుల్చును.

మూడవ తరగతి: మాటయు అర్థమును రెండును వేరు. దివ్యబలిపూజ, ప్రభురాత్రి భోజనము అను జంట ఇట్టిది. క్రీస్తు బలి పూజయందు సాన్నిధ్యము పొందునని కథోలికులు విశ్వసింతురు. ప్రొటెస్టంటులలో ఈ విషయమున పలుమతములున్నను బలి అను భావనను వారు అంగీకరింపరు. ఇది నిజమైన సిద్ధాంతభేదము. అట్లే నవంబరు 2న సమాధులను శుభ్రపరచి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించుట కథోలికులకును, దక్షిణ ఇండియా సంఘమువారికిని సమానమైన ఆచారము. ఉత్తరించు స్థలమునందలి ఆత్మలకై ప్రార్థించుట కథోలికులకే చెందినది. ఈ భేదమును కూడ భాష మరింత కరకుగ చేయుచున్నది. బలి అనగా యాటపోతును తలచు పల్లెమనస్సునకు బలిపూజ యన్న పేరే అపచారముగ తోచును. భోజనమన్న పేరు రెండవ వారికి చులకనగ వినబడును.

మా వాదము సంగ్రహముగ ఇది. శాఖాకలహములలో అధికభాగము మొదటి రెండు తరగతులకు చెందినది. కాని అది అంతయు మూడవ తరగతికి చెందినట్లు నడచుచున్నది. దీని భారము పడునది సాధారణముగ కోడలిపై. పెండ్లియైన స్త్రీ భర్త సంఘమున చేరుట వాడుక. శైశవమున జ్ఞానస్నానము పొందిన పిల్ల కొత్తయింట “నీకు బాప్తిస్మమైనదా?” అన్న ప్రశ్న నెదుర్కొనును. నీటితో, త్రియేక నామమున ఇచ్చిన సంస్కారమును కథోలికులును, దక్షిణ ఇండియా సంఘమువారును పరస్పరము అంగీకరింతురు, రెండవసారి ఇయ్యరు. అయినను మాట మారుటచేత సంస్కారమే జరుగలేదన్న భ్రాంతి కలుగవచ్చును. బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘములలో శైశవ సంస్కారమును ఒప్పుకొనకపోవుట సిద్ధాంతమే. అచ్చట ప్రశ్న న్యాయమైనది. ఈ రెండు సందర్భములను వేరుపరచి చెప్పగలవారు లేనిచో, ఒక స్త్రీ తల్లిదండ్రులు భక్తితో చేయించిన కార్యము నిరర్థకమని తీర్పు పొందును.

పై స్థాయిలో దూరము తగ్గినది. 1964లో రెండవ వాటికను మహాసభ క్రైస్తవైక్యమును గూర్చి శాసనము వెలువరించినది. 1968లో కథోలికులును బైబిలు సంఘములును ఉమ్మడి అనువాదములకు సూత్రములు కూర్చుకొనిరి. లూథరు కాలమునుండి వివాదగ్రస్తమైన నీతిమత్త్వ సిద్ధాంతముపై లూథరనులతో 1999లో ఒడంబడిక కుదిరినది. 2006లో మెథడిస్టులును దానియందు చేరిరి. వెస్లియనుల వారసులగు కరీంనగరు క్రైస్తవులకు ఇది సన్నిహితమైన విషయము. ప్రభుత్వదృష్టిలోను భేదము లేదు: 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవుడైన మాలకుగాని, మాదిగకుగాని షెడ్యూల్డు కులపు హోదా లేదు, అతడు ఏ గుడికి పోవునని చట్టము అడుగదు. నష్టమున ఏకమైనవారు నామమున ఏకము కాలేకున్నారు.

ఈ విషయమున పరిశోధక విద్యార్థులకు మేము సూచింపదగినది ఒకటి కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వ్యవసాయ పదములతో ఆరంభమైన మాండలిక వృత్తిపదకోశముల మార్గము మనకు కలదు. అదే పద్ధతిని అనుసరించి ఉభయ శాఖల క్రైస్తవ పదములను సేకరించి, ప్రతిపదమునకు మూలము, వాడుక, తరగతి నిర్ణయింపవలెను. బెల్లంపల్లి పాతగనులలో పెక్కు మూతపడినవి. తొలితరపు కార్మిక కుటుంబముల వృద్ధులు కొలదిమందియే మిగిలియున్నారు. వారి నోట ఈ రెండు పరిభాషలును, ఒకే వరుస క్వార్టర్లలో అవి ఒకదానినొకటి ఒరసికొనిన జాడలును ఇంకను నిలిచియున్నవి. పదకోశము సంఘములను ఏకము చేయజాలదు. అది దాని పనియు కాదు. కాని ఏది మాట తగవో, ఏది మత తగవో తేల్చి చెప్పగలదు. అంతమాత్రము తేలినను, “క్రిస్టియన్సా, ఆర్సియమ్మా” అను ప్రశ్నకు తడబడక బదులు చెప్పు అవకాశము ఆ కోడలికి కలుగును.