వీధి పేరు, వాడ పేరు

పాఠశాలలో చేరు ప్రతి విద్యార్థియు మొదట ఒక దరఖాస్తు పూర్తి చేయవలెను. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, ఆ పిమ్మట చిరునామా. కులము వ్రాయుటకు వేరొక గడి యుండును. కాని తమిళనాట ననేకమంది పిల్లల విషయమున ఆ గడిని చూడనక్కరయే లేదు. ‘ఆదిద్రావిడర్ కాలనీ’ యనియో, ‘పరైయర్ తెరు’ అనియో, ‘చక్కిలియర్ తెరు’ అనియో చిరునామాలో కనబడిన తోడనే చదువరికి సంగతి తెలిసిపోవును. ఉద్యోగమునకు దరఖాస్తు పంపినను, ఆసుపత్రిలో చీటి వ్రాయించుకొన్నను ఇదియే గతి. పిల్లవాడు నోరు విప్పక మునుపే వాని వీధి వానిని గూర్చి చెప్పివేయుచున్నది.

ఈ స్థితిని మార్చుటకై మన రాష్ట్ర ప్రభుత్వము 2025వ సంవత్సరమున రెండు చర్యలు గైకొన్నది. ఏప్రిల్ 29న ముఖ్యమంత్రి శ్రీ ఎం. కె. స్టాలిన్ శాసనసభలో, ‘కాలనీ’ అను పదము అణచివేతకును అంటరానితనమునకును గురుతుగా మారినందున దానిని ప్రభుత్వ దస్తావేజులనుండి తొలగింతుమని ప్రకటించిరి. అక్టోబరు మాసమున వెలువడిన ఉత్తరువు ఇంకను విపులమైనది. నివాస ప్రాంతములకు, వీధులకు, రోడ్లకు, చెరువులకు గల కులనామములను తొలగించి, వాటికి బదులు కవుల పేరులు, నాయకుల పేరులు, పూవుల పేరులు పెట్టవచ్చునని అందు సూచింపబడెను. ఆ మాసపు గ్రామసభలలో ఈ విషయము చర్చకు వచ్చెను. పిదప న్యాయస్థానము వరకును పోయెను.

విద్యార్థులు కొందరు ఇచట ఒక ప్రశ్న వేయవచ్చును. ‘కాలనీ’ యనునది తిట్టు కాదుగదా? నిజమే. నివాసమని మాత్రమే దాని యర్థము. పట్టణములలో ఉద్యోగులు ఇండ్లు కట్టుకొన్న చోటులకు కాలనీ యని పేరుండగా ఎవరును చిన్నతనముగా తలపరు. గ్రామములలో మాత్రము కథ వేరు. ‘ఊరు’ ఒకవైపు, ‘కాలనీ’ మరియొకవైపు. దళితులకు ప్రభుత్వము కట్టించి యిచ్చిన ఇండ్లు ఊరికి వెలుపల నుండుటచే, వెలుపల నుండువారి చోటే కాలనీ యయ్యెను. అంతకు పూర్వము ‘చేరి’ అను తమిళపదమునకు పట్టిన గతియు నిదియే. కేరళమందును ఇట్లే జరిగినందున, 2024 జూన్ 18న అచ్చటి మంత్రి శ్రీ కె. రాధాకృష్ణన్ పదవిని వీడుచు చేసిన కడపటి ఉత్తరువులో కాలనీ మొదలగు పదములను మాన్పించి, ‘నగర్’, ‘ఉన్నతి’, ‘ప్రకృతి’ వంటి పేరులను సూచించిరి. మహారాష్ట్ర ప్రభుత్వము 2020 డిసెంబరులోనే మహార్‌వాడ, మాంగ్‌వాడ వంటి పేరులను తొలగించుటకు నిశ్చయించెను.

తెలుగువారమైన మనకు ఇందులో ప్రత్యేకమైన సంబంధ మొకటి కలదు. ‘చక్కిలియర్ తెరు’ లో నివసించువా రెవరు? వారిని నేడు అరుంధతీయులని పిలుతురు. తమిళనాటి పశ్చిమ ప్రాంతములలోని అరుంధతీయులలో చాలమంది ఇండ్లలో మాటలాడునది తెలుగే. తరతరములుగా తెలుగు నోటనే నిలుపుకొన్నవారు. లిపి మాత్రము పెక్కుమందికి రాదు. వారి వెనుకబాటును గుర్తించి 2009లో రాష్ట్ర శాసనసభ షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతమును వారికి ప్రత్యేకించెను. అట్టి ఉపవిభజన చెల్లునని 2024 ఆగస్టు 1న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. భాషాల్పసంఖ్యాకులమని మనము హక్కులు కోరునప్పుడు ఈ తెలుగువారిని లెక్కలో చేర్చుకొందుము. వారి వీధి పేరు విషయము వచ్చునప్పుడు మాత్రము అది మన సంగతి కాదన్నట్లు ఊరకుందుము. ఇది న్యాయముగా మాకు తోచలేదు.

పేరు మార్పు మనవారికి క్రొత్తది కాదు. 1917లో బెజవాడలో సమావేశమైన పంచమ మహాసభకు భాగ్యరెడ్డివర్మగా రధ్యక్షత వహించిరి. నాలుగు వర్ణములకు వెలుపలివారని సూచించు ‘పంచమ’ శబ్దమును ఆ సభవారు నిరాకరించి, తమను ఆది ఆంధ్రులని పిలుచుకొనిరి. ఈ దేశమునకు తామే మొదటివారమని ఆ పేరునకు భావము. చెన్నపట్టణమున ఎం. సి. రాజాగారు శాసనమండలిలో చేసిన కృషి ఫలితముగ 1922లో మద్రాసు ప్రభుత్వము ‘పంచమ’, ‘పరయ’ పదములను దస్తావేజులనుండి తీసివేసి, ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర నామములను స్వీకరించెను. అనంతరము 1932 మొదలు గాంధీమహాత్ముడు ‘హరిజన’ శబ్దమును ప్రచారము చేసెను. ఆయన ఉద్దేశము మంచిదే యైనను, అది ఆ ప్రజలు తమకై తామెన్నుకొన్నది కాదు. అంబేద్కరు దానిని అంగీకరింపలేదు. 1982లో కేంద్రప్రభుత్వము కులధ్రువపత్రములలో ఆ పదమును వాడవలదని రాష్ట్రములకు తెలిపెను. అయినను ‘హరిజనవాడ’ బోర్డులు రెండు రాష్ట్రములందును చాలకాలము నిలిచియుండెను. 1922లో గౌరవముగా కోరి తెచ్చుకొన్న ‘ఆది ద్రావిడ’ నామమే నూరేండ్లకు కాలనీతో జతపడి తొలగింపవలసిన పేరుల పట్టికలోనికి వచ్చుట గమనింపదగినది. ఊరును వాడయు వేరువేరుగా నున్నంత కాలము ఏ క్రొత్త పేరైనను కొన్నియేండ్లకు పాత పేరువలెనే యగునని దీనినిబట్టి మాకు తోచుచున్నది.

ఇట్టి పేరు తగిలించుకొని బ్రతుకుట యెట్టిదో మన పూర్వులలో కొందరు సముద్రము దాటి తెలిసికొనిరి. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి దక్షిణాఫ్రికాలోని డర్బను రేవు చేరెను. నాటినుండి చెరకు తోటలలో పనిచేయుటకు వేలకొలది తెలుగువారును తమిళులును ఒప్పందముపై పోయిరి. ‘కూలి’ యనునది మన భాషలలో చేసిన పనికి వచ్చు ప్రతిఫలము. అందు తప్పేమియు లేదు. తెల్లవారు దానిని మనుష్యుల పేరుగా మార్చిరి. వర్తకుడైన భారతీయుడు ‘కూలి వర్తకుడు’. బారిస్టరైన గాంధీ ‘కూలి బారిస్టరు’. జోహానెస్‌బర్గు నగరమున భారతీయులకు విడిచిన చోటు ‘కూలి లొకేషన్’. అచ్చట నీటి వసతియు పారిశుద్ధ్యమును సరిగా చూడక, 1904లో ప్లేగు రాగా నగరపాలకులు జనులను ఖాళీ చేయించి ఆ ప్రదేశమును తగులబెట్టించిరి. అచ్చట ఆ పేరును మోసినవారు మనవారు. ఇచ్చట తోటి తెలుగువారికి అట్టి పేరును తగిలించినవారిలోను మనవారు కలరు.

బోర్డు మార్చినంతనే మనసులు మారవనుటకు దూరము పోనక్కరలేదు. 2012 నవంబరు 7న మన ధర్మపురి జిల్లాలోనే, ఒక కులాంతర వివాహము దరిమిలా, నత్తం కాలనీ, అణ్ణానగర్, కొండంపట్టి యను మూడు దళిత వాడలపై మూకలు పడగా రెండువందలకు పైగా ఇండ్లు దెబ్బతినెను. మూడింటిలో నొకదానికి కాలనీ యని పేరు; మరియొకదానికి అణ్ణా వంటి పెద్దనాయకుని పేరు. నిప్పు పెట్టినవారు ఆ భేదము చూడలేదు.

పేరు పెట్టుటయే కలహమునకు కారణమైన సందర్భములును కలవు. 1997లో విరుదునగర్ ప్రాంతపు బస్సు సంస్థకు వీరన్ సుందరలింగం పేరు పెట్టగా అల్లరులు చెలరేగెను. సుందరలింగము దళిత వీరుడు. తెలుగు వంశీయుడైన కట్టబొమ్మనకు సేనాని. కట్టబొమ్మన పేరుగల బస్సులు తిరునెల్వేలి ప్రాంతమున నిరాటంకముగ తిరుగుచునే యుండెను! ఆయన సేనాని పేరుగల బస్సు ఎక్కుటకు మాత్రము కొందరికి మనసొప్పలేదు. కడకు ప్రభుత్వము జిల్లాలకును రవాణా సంస్థలకును గల నాయకుల పేరులన్నిటిని తొలగించెను. మన ధర్మపురి బస్సులపై నుండిన ‘అన్నై సత్య’ పేరు పోయిన దప్పుడే. ఆంధ్రదేశమున 2022లో కోనసీమ జిల్లాకు అంబేద్కరు పేరు చేర్చదలచినప్పుడు మే 24న అమలాపురములో ఒక మంత్రి ఇల్లును ఒక శాసనసభ్యుని ఇల్లును తగులబడెను. ఆ పేరు మాత్రము నిలిచినది.

ఇక, కులమును సూచించు ప్రతి పేరును తుడిచివేయవలెనా? 1970ల చివర వీధుల పేరులనుండి కులబిరుదులను తీయింపుమని ఉత్తరువైనప్పటికిని, చెన్నపట్టణపు త్యాగరాయనగరులోని జి. ఎన్. చెట్టి రోడ్డును జనులు నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. 2025 అక్టోబరు 9న, అనగా కులనామముల ఉత్తరువు వెలువడిన కొలది దినములకే, కోయంబత్తూరులో పది కిలోమీటర్ల పైవంతెనకు ప్రభుత్వమే ‘జి. డి. నాయుడు’ పేరు పెట్టెను. ఆయన మన తెలుగువాడు, గొప్ప యంత్రకల్పకుడు (1893–1974). నాయుడను మాట తీసివేసినచో ఆయన యెవరో లోకమునకు తెలియదని సమాధానము వచ్చెను. పరిహసించినవారును కలరు. మా అభిప్రాయము చెప్పుదుము. ఒక వ్యక్తిని గౌరవించుటకు పెట్టిన పేరు వేరు, ఒక వీధిలోని జనులనందరిని వేరుచేయుటకు పెట్టిన పేరు వేరు. మొదటిదానిని గూర్చి తీరికగా వాదించుకొనవచ్చును. రెండవది తొందరగా పోవలెను. మన చెట్టికరై పేరులోనే ‘చెట్టి’ యున్నదిగదా యని అడుగువారికిని ఇదియే మా సమాధానము. చెట్టికరై వాడనని చెప్పుకొనుటచే ఎవనికిని చిన్నతనము కలుగదు. తమిళనాట ‘వడుగపట్టి’ యను గ్రామములు కొన్ని యున్నవి. వడుగరు లనగా తెలుగువారు. ఆ పేరును ఎవరైన తీసివేసిన మనకే విచారము కలుగును.

క్రొత్త పేరును ఎవరు నిర్ణయింపవలెనన్నది ముఖ్యమైన సంగతి. ఆ వీధివారినే ముందుగా అడుగవలెను. రోజా వీధి, మల్లె వీధి యని కార్యాలయమున కూర్చుండి పేరులు పంచుటకంటె, బెజవాడ సభవారివలె తమ పేరును తామే నిర్ణయించుకొన్నచో అది నిలుచును. తమ పెద్దలలో నొకరి పేరు వారు కోరవచ్చును. అరుంధతీయులు తెలుగు పేరే కోరవచ్చును. అట్లు కోరినచో గ్రామసభలో మనము వారి పక్షమున నిలువవలెను. గ్రామసభకు పోవు తల్లిదండ్రులు, పేరుతోపాటు ఆ వీధికి కుళాయి, దీపము, శ్మశానమునకు దారి ఉన్నవా యనియు విచారింపగోరుచున్నాము.

పేరు మారినచో ఆస్తిహక్కు చెడునేమోయని కొందరు తల్లిదండ్రులు భయపడుచున్నారు. ఆ భయ మక్కరలేదు. పట్టాలో సర్వేనంబరును, రెవెన్యూ గ్రామము పేరును ఉండును. వీధి పేరు మారినంత మాత్రమున అవి మారవు. ఆధార్, కుటుంబకార్డు, బ్యాంకు పుస్తకము మొదలగువానిలో మాత్రము చిరునామా సవరించుకొనవలసి వచ్చును. పదవ తరగతి, పండ్రెండవ తరగతి విద్యార్థులున్న ఇండ్లవారు, కళాశాలలకు దరఖాస్తులు పంపు వేసవి రాకమునుపే అన్నిటియందును ఒకే చిరునామా ఉండునట్లు చూచుకొనవలెను. క్రొత్త పేరు అలవాటగువరకు, పాత పేరు వ్రాసిన ఉత్తరములు ఇంటికి చేరునట్లు తపాలా బంట్రోతుకు ఒక మాట చెప్పియుంచుట మంచిది.