తలుపు తెరిచి లెక్కపెట్టే హక్కు

2010 డిసెంబరు 22. క్రిస్మస్ పండక్కి ఇళ్లకు చేరాల్సిన అమెరికా సెనేటర్లు ఇంకా వాషింగ్టన్‌లోనే ఉన్నారు. రష్యాతో కుదిరిన ‘న్యూ స్టార్ట్’ అణ్వాయుధ ఒప్పందం మీద ఆ రోజు ఓటింగు. అనుకూలం 71, వ్యతిరేకం 26. అధ్యక్షుడు ఒబామాది డెమొక్రటిక్ పార్టీ. అవతలి రిపబ్లికన్లలో 13 మంది కలిసి రాబట్టే అది గట్టెక్కింది.

మన దేశంలో విదేశీ ఒప్పందాన్ని ధ్రువీకరించడానికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. అమెరికాలో అలా కుదరదు. సభకు హాజరైన సెనేటర్లలో మూడింట రెండొంతుల మంది ఔనంటేనే అధ్యక్షుడి సంతకానికి విలువ. 1999లో అణుపరీక్షల నిషేధ ఒప్పందానికి 48 ఓట్లే పడ్డాయి. అది నేటికీ అక్కడ ఆమోదం పొందలేదు.

ఒబామా, రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ 2010 ఏప్రిల్ 8న ప్రాగ్‌లో సంతకాలు చేశారు. మోహరించిన వార్‌హెడ్లు 1,550కి, వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు కలిపి 700కు మించకూడదన్నది షరతు. సెనేట్‌లో అసలు పోరు ఈ అంకెల మీద కాదు. ఉపోద్ఘాతంలో క్షిపణి రక్షణ వ్యవస్థను ప్రస్తావించిన ఒక్క వాక్యం మీద రోజుల తరబడి వాదించారు. దాన్ని కొట్టేయాలంటూ రిపబ్లికన్ సెనేటర్ మెకెయిన్ తెచ్చిన సవరణ 37–59తో వీగిపోయింది. రెండో పట్టు డబ్బు. ఉన్న ఆయుధాలను ఆధునికీకరించడానికి సెనేటర్ జాన్ కైల్ నిధులు అడిగారు. పదేళ్లలో 8,500 కోట్ల డాలర్లు ఖర్చు పెడతామని ప్రభుత్వం ఒప్పుకుంది. అయినా కైల్ వ్యతిరేకంగానే ఓటేశారు. ఆయుధాలు తగ్గించుకుంటామన్న కాగితం గెలవడానికి ఆయుధాల మీదే అంత ఖర్చుకు ఒప్పుకోవాల్సి రావడం నాకు మింగుడుపడదు.

నా దృష్టిలో ఆ ఒప్పందం ప్రాణమంతా తనిఖీలోనే ఉండేది. ఏటా 18 సార్లు ఒకరి స్థావరాలకు ఒకరు వెళ్లే వీలుండేది. ఏ క్షిపణిని చూపాలో వచ్చినవాళ్లే ఎంచుకునేవారు. దాని ముక్కు భాగం విప్పేవారు. లోపలున్నవాటి మీద ముసుగులు ఉండేవి, ఆకారం తెలిసేది కాదు. కానీ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టగలిగేవారు. ఫలానాది అణ్వాయుధం కాదని ఆతిథ్య దేశం చెబితే, నిజమో కాదో న్యూట్రాన్ డిటెక్టర్ పెట్టి తేల్చుకునే వీలుండేది. ఉపగ్రహం ఎంత ఎత్తు నుంచి ఎంత చూసినా, క్షిపణి కడుపులో ఏముందో చెప్పలేదు.

పాత స్టార్ట్ ఒప్పందం 2009 డిసెంబరు 5న ముగిసింది. రష్యాలోని వోట్కిన్స్క్ క్షిపణి కర్మాగారం దగ్గర ఏళ్లుగా కాపు కాసిన అమెరికన్లు ఇంటికి వచ్చేశారు. సెనేట్ ఉపోద్ఘాతం గురించి వాదిస్తున్నంతకాలమూ అక్కడ చూసే కళ్లు లేవు. రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్ ఈ సంగతిని సొంత పార్టీకి పదేపదే గుర్తుచేశారు. సోవియట్ పతనం తర్వాత అక్కడి అణ్వాయుధాలను విప్పించే కార్యక్రమానికి శామ్ నన్‌తో కలిసి పునాది వేసిన మనిషి ఆయన. 36 ఏళ్లు సెనేట్‌లో ఉన్న లూగర్‌ను 2012లో సొంత పార్టీ ఓటర్లే ప్రైమరీలో ఓడించారు.

మాస్కో చట్టసభకూ మొండితనం తక్కువేమీ కాదు. 1993లో సంతకమైన స్టార్ట్–2ను రష్యా దూమా ఏడేళ్లు నాన్చింది. నాటో విస్తరణ, ఇరాక్ మీద బాంబు దాడులు, కొసావో యుద్ధం, ప్రతిసారీ ఒక అడ్డంకి. 2000లో ఆమోదించినా షరతులు పెట్టింది. క్షిపణి రక్షణ వ్యవస్థలను పరిమితం చేసే ఒప్పందం నుంచి 2002 జూన్ 13న అమెరికా తప్పుకుంది. మర్నాడే రష్యా స్టార్ట్–2ను వదిలేసింది. అది ఒక్కరోజూ అమలు కాలేదు.

2021లో న్యూ స్టార్ట్‌ను ఐదేళ్లు పొడిగించారు. ఒప్పందంలో ఉన్న వెసులుబాటు ఆ ఒక్కసారే. 2023 ఫిబ్రవరిలో పుతిన్ దాన్ని పక్కనపెట్టారు. 2026 ఫిబ్రవరి 5న గడువు తీరింది. ఇకపై రాసే ఏ ఒప్పందమైనా మళ్లీ ఆ సెనేట్ గడప తొక్కాల్సిందే. అప్పుడు వాదించే సభ్యులు అంకెల కన్నా, ఉపోద్ఘాతం కన్నా ముందు తనిఖీ పుటలు తెరవాలి. ఒకరి క్షిపణి స్థావరంలో మరొకరి ఇన్‌స్పెక్టర్ అడుగుపెట్టి లెక్కచూడటం 2020 మార్చిలోనే ఆగిపోయింది.