ఒకే కొండ, నలుగురు బాటసారులు

విశాఖపట్నంలో తెల్లవారుజామున లేచి కిరండూల్ వెళ్ళే పాసింజరు బండి నెక్కేవారిలో రెండు తెగలవారు కనిపిస్తారు. కొండలు చూడాలని వెళ్ళేవారు కొందరు. చూచి వచ్చామని చెప్పుకోవడానికి వెళ్ళేవారు కొందరు. మేము నలుగురం ఏ తెగకు చెందుతామో నేనిప్పటికీ నిర్ణయించుకోలేకుండా వున్నాను.

మాలో ఒకరు గణితం మాస్టారు. లెక్కకు రాని వస్తువు ప్రపంచంలో వున్నదని ఆయన నమ్మరు. రెండవవారు చరిత్ర మాస్టారు; ఆయన కంటికి చెట్టు కంటె శిలాఫలకమే ముందు కనిపిస్తుంది. మూడవవాడు గణితం మాస్టారి మేనల్లుడు, తొమ్మిదవ తరగతి విద్యార్థి, మితభాషి. నాలుగవవాణ్ణి నేను. తెలుగు చెప్పుకుంటాను, సంతలన్నా బేరాలన్నా నాకు సరదా. డిసెంబరు మొదటివారంలో మూడు రోజులు సెలవు పెట్టి బయలుదేరాము.

బొడ్డవర దాటిన తరువాత బండి కొండ నెక్కడం మొదలుపెట్టింది. గణితం మాస్టారు పెన్సిలు తీసి సొరంగాలు లెక్కపెట్టసాగారు. ఈ దారిని 1960 దశకంలో వేసింది మనలాంటి వారి విహారానికి కాదు. బైలాడిల్లా కొండల్లోని ఇనుపఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి. ఈనాటికీ ఖనిజపు బండి ఎదురైతే ప్రయాణికుల బండి ప్రక్కకు తప్పుకొని నిలబడవలసిందే. అలా నిలిచినప్పుడే వేడి టీ వచ్చింది. ఆ సందడిలో మాస్టారి లెక్క ముప్ఫైయవ సొరంగం దగ్గర తెగిపోయింది. ఆయన ముఖంలో అంత దుఃఖం పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు కూడా చూడలేదు. అయితే శిమిలిగుడ స్టేషను ఆయన్ను ఓదార్చింది. సముద్రమట్టానికి 996 మీటర్ల యెత్తు. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశానికంతకూ యెత్తయినదని చిరకాలం పేరు పొందింది. 2008లో కాశ్మీరలోయలో రైలు నడవడంతో ఆ పేరు పోయింది. చలి మాత్రం పోలేదు.

మరునాడు జీపులో బొర్రా గుహలకు వెళ్ళాము. అక్కడి రంగురంగుల దీపాలు నాకు నచ్చలేదు. చీకటిని చూడడానికి వచ్చినవాడికి ఎర్రదీపం, పచ్చదీపం దేనికి? వాననీరు గాలిలోనూ మట్టిలోనూ వున్న బొగ్గుపులుసు గాలిని కలుపుకొని, సున్నపురాతిని కరిగించి, చుక్కచుక్కగా క్రిందికి జారుతూ, ఆ సున్నాన్నే మళ్ళీ రాయిగా పేర్చుతుంది. ఒక్క అంగుళం పేరడానికి వందలాది యేళ్ళు పట్టవచ్చు. చరిత్ర మాస్టారు రాజవంశాలను ఆ అంగుళాలతో కొలుస్తూ వుండగా, కుర్రవాడు దీపాలు లేని మూల చూచుకొని చెవియొగ్గి నిలబడ్డాడు. చాలాసేపటికి ఒక్కటే అడిగాడు:

“మాస్టారూ, క్రింద పారే నది ఏది?”

“గోస్తని. తాటిపూడి మీదుగా పోయి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.”

“తాటిపూడి నీళ్ళు విశాఖకు వస్తాయి గదా! అయితే మన కుళాయిలో నీళ్ళు ఇక్కడివేనా?”

ఆ మూడు రోజులలో అడగదగిన ప్రశ్న అదొక్కటే అని నా అభిప్రాయం.

ఆ రాత్రి చలిమంట దగ్గర చరిత్ర మాస్టారు ఇంకొక మాట చెప్పారు. ఈ బొర్రా పరిసరాలలోనే గనుల త్రవ్వకానికి గిరిజనేతరులకు కౌళ్ళు ఇచ్చినందుకు వ్యాజ్యం నడిచింది. షెడ్యూల్డు ప్రాంతాలలో ప్రభుత్వం కూడా అలా ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1997లో తీర్పు చెప్పింది. సమతా తీర్పుగా అది దేశమంతటా ప్రసిద్ధి. మేము ముప్పావుగంటలో చూచి వచ్చిన కొండకోసం అక్కడివారు కోర్టు మెట్లెక్కవలసి వచ్చిందన్నమాట.

మూడవనాడు పాడేరు మీదుగా లంబసింగికి పోవాలని ఆయన పట్టు. అక్కడినుంచి చింతపల్లి దగ్గరే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మొట్టమొదట పట్టుకొన్నది చింతపల్లి ఠాణానే. ఆ మరునాడు కృష్ణదేవిపేట, ఆపై రాజవొమ్మంగి. అడవి చట్టాలు పోడును అడ్డుకొన్నాయి. ఘాటురోడ్డు పనిలో కూలి సరిగా ముట్టలేదు. అక్కడ రాజుకొన్న నిప్పది. ఏయే ఆయుధాలు తీసుకున్నదీ ఠాణాలో వ్రాసిపెట్టి మరీ వెళ్ళిన తిరుగుబాటుదారు గురించి ఆయన చెబుతూ వుంటే, గణితం మాస్టారు కూడా పెన్సిలు జేబులో పెట్టేశారు. 2022 నుంచి ఈ కొండల జిల్లాకు ఆ వీరుని పేరే.

దారిలో వలిసెపూలు. కొండవాలు మీద పసుపు దుప్పటి పరచినట్టున్నది. ఫొటోకోసం మేనల్లుణ్ణి చేను మధ్యకు పొమ్మన్నది నేనే. గట్టు మీద కూర్చున్న రైతు లేచి, కోపం లేకుండానే అన్నాడు: “బాబూ, అది పువ్వు కాదు, పంట. తొక్కితే నూనె తగ్గిపోద్ది.” కుర్రవాడు సిగ్గుతో వచ్చిన అడుగులలోనే అడుగులు వేసుకుంటూ వెనక్కు వచ్చాడు. సిగ్గుపడవలసినవాణ్ణి గట్టు మీదనే వున్నాను.

అంతటితో బుద్ధి రావలసింది. ఆ దారిలోనే తగిలిన సంతలో ఒక ముసలమ్మ రాజ్‌మా గింజలు బుట్టలో పోసుకొని కూర్చున్నది. చీకటితోనే బయలుదేరి కొండ దిగి వచ్చిందట. అలవాటుకొద్దీ ధరలో సగానికి అడిగాను. ఆమె వాదించలేదు. బుట్ట మీద అడ్డాకు కప్పి, అటు తిరిగి కూర్చున్నది. బేరం కుదరకపోవడం నాకు కొత్త కాదు. ఇలా కుదరకపోవడం కొత్త. నాలుగు కొట్లు తిరిగి, ఆమె చెప్పిన ధరకే కొందామని వచ్చేసరికి బుట్ట ఖాళీ అయింది. ఆమె ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుంటూ కనిపించింది. నన్ను గుర్తుపట్టలేదు, లేక గుర్తుపట్టినట్టు కనిపించలేదు.

ఆ గింజలనే కొండ దిగిన తరువాత పట్నం దుకాణంలో కొన్నాను. రెండు ధరలకూ తేడా ఎంతో గణితం మాస్టారు బస్సులోనే తీసివేత చేసి చెప్పారు. ఈసారి ఆయన లెక్క తప్పలేదు.